అక్షరాలా పాటించే అవిధేయత

పాఠశాల నియమాన్ని బాహాటంగా ధిక్కరించే విద్యార్థులు ఎప్పుడూ కొద్దిమందే. 13 నుంచి 16 ఏళ్ల వయసువారిలో ఎక్కువమంది నియమాన్ని పొల్లుపోకుండా పాటిస్తూనే దాని ఉద్దేశాన్ని తలకిందులు చేస్తారు. క్లాసులో మాట్లాడవద్దన్నారే గానీ చీటీలు రాసుకోవద్దనలేదని, రేపటికి హోంవర్కు చూపించమన్నారే గానీ పూర్తిచేయమనలేదని వాదించే పిల్లవాడిని పెంకివాడని కొట్టిపారేయడం తేలికే గానీ, ఆ వాదన వెనుక ఉన్న తర్కం మాత్రం వయసుతో పాటు సహజంగా అబ్బినదే.

స్విట్జర్లాండ్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జీన్ పియాజె (1896–1980) పిల్లల ఆలోచన ఎదిగే క్రమాన్ని దశలుగా విభజించి, సుమారు 11, 12 ఏళ్లకు మొదలయ్యే దానిని అమూర్త ప్రచాలక దశగా గుర్తించారు. డీఎస్సీకి చదివినవారికి కంఠతా వచ్చిన ఈ పేరుకు అర్థం, కళ్లెదుట లేని విషయాలను, ‘ఒకవేళ ఇలా అయితే’ అన్న ఊహలను పట్టుకుని తర్కించగలగడం. ఒక సిద్ధాంతం అన్ని సందర్భాలకూ వర్తిస్తుందో లేదో పరీక్షించమని గణితం పీరియడులో నేర్పే బడి, విద్యార్థి అదే పరీక్షను యూనిఫారం నియమానికి పెడితే మాత్రం నొచ్చుకుంటుంది.

ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో 2017 జూన్‌లో సరిగ్గా ఇదే జరిగింది. ఎండలు 30 డిగ్రీలు దాటిన ఆ వారంలో ఒక పాఠశాల మగపిల్లలు నిక్కర్లు వేసుకోనివ్వమని అడగగా, యూనిఫారంలో నిక్కరుకు చోటు లేదన్న జవాబు వచ్చింది. యూనిఫారంలో స్కర్టుకు చోటున్న సంగతి గమనించిన దాదాపు 30 మంది అబ్బాయిలు స్కర్టులు తొడుక్కుని బడికి వచ్చారు. వారు ఉల్లంఘించిన నియమం ఏదో చెప్పడం కష్టమైంది. మరుసటి ఏడాది నుంచి నిక్కర్లను యూనిఫారంలో చేర్చనున్నట్లు పాఠశాల ప్రకటించింది.

తెలుగు బడుల్లో ఈ తెలివి బాగా పదునెక్కేది ఇంపోజిషన్ దగ్గర, అంటే ఇకపై తప్పు చేయనన్న ఒకే వాక్యాన్ని వందసార్లు రాయించే శిక్ష దగ్గర. ‘నేను క్లాసులో మాట్లాడను’ అని రాయవలసిన విద్యార్థి ముందుగా పేజీ పొడవునా ‘నేను’ను నిలువుగా దించి, ఆ పక్కన ‘క్లాసులో’ను, చివరి వరుసగా ‘మాట్లాడను’ను పేర్చుకుంటూ పోతాడు. ఇంకాస్త చేయి తిరిగినవాడు రెండు పెన్నుల మధ్య రబ్బరు ముక్క పెట్టి, వాటి మొనలు రూళ్ల కాగితంపై వరుసగా రెండు గీతల మీద పడేలా సరిచూసుకుని, రబ్బరు బ్యాండుతో బిగించి, ఒక్క ఊపులో రెండు వాక్యాలు రాస్తాడు. వంద వాక్యాలు లెక్కకు సరిపోతాయి గానీ రాసినవాడు వాటిలో ఒక్కదాన్నీ చదివి ఉండడు. పశ్చాత్తాపాన్ని లెక్కబెట్టి అడిగినప్పుడు అది లెక్కగానే తిరిగి రావడంలో ఆశ్చర్యపోవలసింది పెద్దగా లేదు.

అయితే ఈ తర్కం అన్ని నియమాల మీదా ఒకేలా పనిచేయదు. టీచరు ఒప్పుకున్నా సరే తోటివాడిని కొట్టడం తప్పేనని, టీచరు ఒప్పుకుంటే మాత్రం ఆయనను పేరుపెట్టి పిలవడం తప్పు కాదని చిన్నపిల్లలు సైతం చెబుతారని అమెరికా పరిశోధకుడు ఇలియట్ ట్యూరియల్ చూపించారు. మొదటిది నైతిక నియమం, రెండవది నలుగురూ ఒప్పుకున్న కట్టుబాటు. యుక్తవయసులో వీటికి తోడుగా ‘ఇది నా సొంత విషయం’ అనుకునే పరిధి విస్తరిస్తుందని మనోవిజ్ఞాన పరిశోధకురాలు జుడిత్ స్మెటానా వివరించారు. తోటివారి డబ్బు దొంగిలించడాన్ని సమర్థించడానికి ఏ మాత్రం ఉత్సాహం చూపని పదో తరగతి కుర్రవాడు, జుట్టు పొడవు విషయంలో మాత్రం హెడ్మాస్టరు గదిలో అరగంట వాదించగలగడానికి కారణం ఇదే. పెద్దలు కట్టుబాటుగా చూసే జుట్టు అతడి లెక్కలో సొంత ఆస్తి.

అందరూ తననే చూస్తున్నారన్న భావన కూడా ఈ వయసుదే. 1967లో మనోవిజ్ఞాన శాస్త్రవేత్త డేవిడ్ ఎల్కిండ్ దీనికి ఊహాజనిత ప్రేక్షకులు అన్న అర్థమిచ్చే పేరు పెట్టారు. లాస్ట్ బెంచీలో ఉన్నవారు నవ్వుతారన్న నమ్మకం లేకపోతే సగం జవాబులు నోరు దాటి రావు. ఆ ప్రేక్షకులు విధించే నియమాలు బడి నియమాలకంటే కఠినమైనవి: ప్రేయర్ అయిపోగానే ఇన్‌షర్టు ఎంతవరకు బయటికి లాగాలో, బ్యాగు ఏ భుజానికి వేలాడాలో ఎవరూ రాసిపెట్టకపోయినా తరగతి మొత్తానికీ తెలుసు. టై ఎందుకు కట్టుకోవాలో కారణం చెప్పమని నిలదీసే విద్యార్థి వీటికి మాత్రం కారణం అడిగిన దాఖలా లేదు.