వనరుల నిధి (ప్రాజెక్టు నిర్వహణ)

ఒకే సిబ్బందిని, యంత్రాలను పలు ప్రణాళికలు పంచుకొనుటకు ప్రాజెక్టు నిర్వహణ సాఫ్టువేరులో ఏర్పరచే ఉమ్మడి జాబితాను వనరుల నిధి లేదా రిసోర్స్ పూల్ అంటారు.

అవసరం

హైదరాబాదు మెట్రో మూడు మార్గాలనూ ఎల్ అండ్ టి సంస్థయే నిర్మించింది. మియాపూర్, నాగోల్ వైపు తొలి భాగాలు 2017 నవంబరులో ప్రారంభం కాగా, ముషీరాబాద్, చిక్కడపల్లి, నారాయణగూడల మీదుగా సాగే మార్గం 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమైంది. ఇటువంటి నిర్మాణంలో ఒకే భారీ క్రేనును రెండు మార్గాల ప్రణాళికలలో ఒకే వారానికి కేటాయించారనుకుందాం. విడివిడిగా చూస్తే రెండింటిలోనూ దోషం కనబడదు. చిక్కడపల్లి వంటి ఇరుకైన చోట రోడ్డు మూసివేసి, కూలీలను పిలిపించిన తరువాత గాని క్రేను రాదని తెలియదు.

పనితీరు

మైక్రోసాఫ్ట్ ప్రాజెక్టులో వనరుల పేర్లు, పనివేళలు, ధరలు ఒక ప్రత్యేక ఫైలులో ఉంటాయి. మిగిలిన ప్రణాళికలను దానికి అనుసంధానిస్తారు. అప్పుడు పై క్రేనుపై ఆ వారం 200 శాతం భారం పడినట్లు నిధిలో కనబడుతుంది. వివరాలలో తేడా వస్తే నిధి మాట చెల్లాలా, ప్రణాళిక మాట చెల్లాలా అన్నది ముందే ఎంచుకోవాలి. పేరును రెండు విధాలుగా వ్రాస్తే ఒకే క్రేను రెండు క్రేనులుగా లెక్కకు వస్తుంది. ఆచరణలో తరచు ఎదురయ్యే చిక్కు ఇదే.

పరిమితి

నిధి ఘర్షణను చూపగలదే గాని తనంతట తాను తీర్చదు. అందుకు లెవెలింగ్ అనే ప్రక్రియ ఉంది. ప్రతి ప్రణాళికకు 0 నుండి 1000 వరకు ప్రాధాన్యం ఇవ్వవచ్చు. మామూలుగా అది 500. తక్కువ అంకె గల ప్రణాళిక పనులు ముందుగా వాయిదా పడతాయి. 1000 ఇచ్చినవి కదలవు. ఏ మార్గానికి ఏ అంకె ఇవ్వాలో మాత్రం నిర్వాహకులే నిర్ణయించాలి.