మార్టిన్ బెక్ నవలలు: పాఠకుణ్ణి పట్టి ఉంచేదేమిటి?

హంతకుడెవరన్న ఉత్కంఠ ఒక్క నవలతో తీరిపోతుంది. మరి అదే పోలీసు అధికారితో వచ్చే తర్వాతి నవలను పాఠకుడు ఎందుకు వెతుక్కుంటాడు? స్వీడన్ జంట రచయితలు మాయ్ షోవాల్, పేర్ వాలూ 1965-75 మధ్య రాసిన పది మార్టిన్ బెక్ నవలలను గమనించండి.

స్టాక్‌హోమ్‌లో పనిచేసే బెక్ మహా మేధావి ఏమీ కాడు. తరచూ జలుబు, కడుపునొప్పి. ఇంట్లో భార్యతో పొసగదు. మొదటి నవల 'రోసానా'లో, కాలువలో దొరికిన శవం ఎవరిదో తెలియడానికే నెలలు పడుతుంది. ఈ నిదానం వల్లనే కథ నమ్మదగినదవుతుంది.

నాలుగో నవల 'నవ్వే పోలీసు'లో స్టాక్‌హోమ్ బస్సులో తొమ్మిదిమందిపై కాల్పులు జరుగుతాయి. చనిపోయినవారిలో స్టెన్‌స్ట్రోమ్ అనే యువ డిటెక్టివ్ ఒకడు. అతడు ఆ బస్సు ఎందుకెక్కాడో సహోద్యోగులకు అంతుపట్టదు. ముందు నవలలు చదివినవారికి అతడు తెలిసిన మనిషి. అందుకే ఆ మరణం బరువుగా తాకుతుంది. విడి నవలకు ఈ బలం సులభంగా రాదు.

పదింటినీ ఒకే పెద్ద నవలగా భావించిన రచయితలు వాటికి 'ఒక నేరం కథ' అని ఉపశీర్షిక పెట్టారు. సంక్షేమ రాజ్యంగా పేరుపడ్డ స్వీడన్ సామాన్యులను వంచించిందన్నది వారి ఆరోపణ. చివరి నవలల్లో అది కాస్త బిగ్గరగానే వినిపిస్తుంది. తొమ్మిదో నవల ముగిసేసరికి బెక్ ఆప్తమిత్రుడు కోల్‌బెర్గ్ పోలీసు ఉద్యోగానికి రాజీనామా చేస్తాడు.