ఇంటి కంప్యూటరుకు తాళము వేసినదెవరు?

గడియారము సరిచేయుటకో, ప్రింటరును కలుపుటకో మీరు కంప్యూటరులో సెట్టింగులు తెరువబోవుదురు. ఆంక్షలు ఉన్నందున ఈ పని రద్దయినదనియు, నిర్వాహకుని అడుగవలసినదనియు తెరపై హెచ్చరిక కనిపించును. యంత్రము మీది, ఇల్లు మీది. ఆ నిర్వాహకుడెవరో మాత్రము తెలియదు. ఇట్టి సమయమున అన్నియు చెరిపి విండోసును కొత్తగా ఎక్కింపుమని చెప్పువారు కలరు. అట్లు చేసినచో పిల్లల ఫొటోలు, పొలము కాగితముల నకళ్లు కూడ పోవచ్చును. తొందరపడవలదు.

ఆలమూరు వంటి కాలువల సీమవారికి ఇది సులభముగా బోధపడును. ధవళేశ్వరమునుండి వచ్చు నీరు ఆగినచో మనము వెంటనే కాలువ త్రవ్వబోము. ఎగువ తలుపు ఎవరు దించినారని విచారింతుము.

విండోస్ తన నియమములను రిజిస్ట్రీ అను చిట్టాలో వ్రాసికొనును. అందు 'నోకంట్రోల్‌ప్యానెల్' అను పద్దునకు 1 అను విలువ ఉన్నచో కంట్రోల్ ప్యానెలు, సెట్టింగులు రెండును మూతపడును. ఆ పద్దును తొలగించినచో తెరచుకొనును. అనగా యంత్రము చెడలేదు. ఒక్క అంకె మారినది.

ఆ అంకెను మార్చినదెవరు? కంప్యూటరు కార్యాలయమో, కళాశాలయో ఇచ్చినదైనచో తాళము వారిదే, వారినే అడుగవలెను. ఇంటివారే ఎవరైన పిల్లల కోసము వేసి మరచియుండవచ్చును. ఇవి రెండును కానిచో, దొంగ ప్రోగ్రాము చొరబడినదేమోయని శంకింపవలెను. తన్ను పట్టుకొనకుండ గృహస్థుని చేతులు కట్టుట దాని పన్నాగము.

కావున ముందు దొంగను వెడలగొట్టి, పిదప తాళము తీయవలెను. విండోస్ సెక్యూరిటీలో 'స్కాన్ ఆప్షన్స్' తెరచి, డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. యంత్రము తిరిగి మొదలై, సుమారు 15 నిమిషములు వెదకును. ఇంటిలో వేరొక ఖాతా ఉన్నచో అందు ప్రవేశించి చూడండి; అచ్చట సెట్టింగులు తెరచుకొన్నచో, ఆంక్ష మొదటి ఖాతాకే పరిమితమని తెలియును.

ప్రో రకపు విండోసులో గ్రూప్ పాలసీ ఎడిటరు కలదు. అందు యూజర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, కంట్రోల్ ప్యానెల్ అను వరుసలో పోయి, ప్రవేశ నిషేధ నియమమును 'నాట్ కాన్ఫిగర్డ్' చేయవలెను. హోమ్ రకములో ఈ సాధనము లేదు; రిజిస్ట్రీ ఎడిటరులోనే ఆ పద్దును తొలగింపవలెను. చిట్టాను ముట్టుటకు ముందు ఎక్స్‌పోర్ట్ ద్వారా దాని నకలు దాచుకొనుట మరువరాదు. పిదప యంత్రమును ఒకసారి ఆపి తెరువండి.

తెరచుకొన్న తలుపు మరల మూసికొన్నచో దొంగ ఇంకను ఇంటిలోనే ఉన్నాడని గ్రహింపవలెను. అప్పుడు ముఖ్యమైన ఫైళ్లకు నకళ్లు తీసికొని, తెలిసినవారికి చూపండి. బ్యాంకు పాస్‌వర్డులను వేరొక యంత్రమునుండి మార్చండి. నిత్యము నిర్వాహక ఖాతాతో గాక సాధారణ ఖాతాతో పనిచేయు ఇంటిలో ఇట్టి తాళము వేయుట దొంగకు అంత సులభము కాదు.