సైకిలెక్కి మూసీ చరిత్ర చూస్తున్నారు

వికారాబాద్: హైదరాబాదు వెళ్ళివచ్చే మన జిల్లా వారికి ఇమ్లీబన్ బస్‌స్టేషను కొత్త కాదు. దాన్ని ఆనుకొని పారే మూసీని బస్సు కిటికీలోంచి చూసి ముక్కు మూసుకోవడమే గాని, ఆగి చూసేవారు అరుదు. మన అనంతగిరి కొండల్లో పుట్టిన నది అదేనన్న సంగతి కూడా చాలామందికి గుర్తుండదు. నగరంలోని సైకిలు ప్రియులు కొందరు మాత్రం ఆదివారాలు తెల్లవారుజామునే బృందాలుగా బయలుదేరి పాతబస్తీ వీధులు, కట్టడాలతో బాటు ఈ నదినీ చూసి వస్తున్నారు.

ఈ యాత్రలకు రుసుము లేదు. సైకిలు, నీళ్ళ సీసా ఉంటే చాలు. దారి తెలిసినవారు ముందు నడుస్తారు. పంపు, పంక్చరు సామాను ఉన్నవారు చిట్టచివర వస్తారు. ఎవరి చక్రం గాలి పోయినా అందరూ ఆగవలసిందే. లక్ష రూపాయల గేరు సైకిలు పక్కనే తాతలనాటి క్యారేజి సైకిలు కూడా సాగిపోతుంది. పోటీ ఏమీ లేదు గనుక ఎవరికీ తొందర లేదు. కబుర్లు చెప్పుకుంటూ పోవడం, చరిత్ర తెలిసినవారు నాలుగు ముక్కలు చెబితే వినడం, చివర ఇరానీ చాయ్ తాగి ఎవరి డబ్బులు వారు ఇచ్చుకోవడం - ఇదీ పద్ధతి.

మూసీ వెంట పురానాపూల్ నుంచి చాదర్‌ఘాట్ దాకా నాలుగైదు కిలోమీటర్లకు మించదు. అంతలోనే నాలుగు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. పురానాపూల్‌ను ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో 1578లో కట్టారు. చార్మినారు కంటే 13 ఏళ్ళు పెద్దది. భాగమతి కోసం వరదలో నది దాటిన కొడుకు మీది బెంగతో తండ్రి ఈ వంతెన కట్టించాడని కథ. అప్పటికి ఆ రాకుమారుడు పన్నెండు, పదమూడేళ్ళ పిల్లవాడు! కథ సంగతి ఎలా ఉన్నా కమానులు మాత్రం చెక్కుచెదరని పనితనానికి సాక్ష్యం. వంతెన మీద కూరగాయల వర్తకం చాలాకాలంగా సాగుతోంది. అక్కడ సైకిలు దిగి నడిపించుకుపోవడమే మర్యాద.

అసలు ఆగవలసిన చోటు అఫ్జల్‌గంజ్. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాని కొమ్మలెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరదలో 15 వేల మంది చనిపోయారని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురును కళ్ళముందే పోగొట్టుకొని తానొక్కడే మిగిలాడు. ఆసుపత్రికి రోజూ వేలమంది వచ్చిపోతున్నా ఆ చెట్టు వంక చూసేవారు కొద్దిమందే. చెట్టుకింద సైకిళ్ళు నిలిపి ఈ కథ విన్నవారు కాసేపు మాట్లాడలేకపోతారు.

ఇందులో మన ప్రాంతానికీ పాలుంది. శంషాబాదులో 24 గంటల్లో సుమారు 13 అంగుళాల వాన కురిసింది. మూసీ పరీవాహకంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగిపోయాయి. ఒక చెరువు కట్ట తెగితే ఆ నీటి తాకిడికి దిగువ చెరువు తెగడం - ఇలా వరుసగా తెగి నగరం మీద పడ్డాయి. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి ఉపాయం అడిగారు. నగరానికి ఎగువనే నీటిని ఆపాలని ఆయన సూచించగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. దాహానికని అందరూ అనుకునే ఆ జలాశయాలు ముందు వరద కోసం పుట్టినవి. అంతటితో భయం తీరిందా అంటే లేదు. 2025 సెప్టెంబరు 26 రాత్రి జలాశయాల గేట్లెత్తగా మూసీ పొంగి ఇమ్లీబన్ బస్‌స్టేషనులోకి నీరు చొరబడింది. ప్రయాణికులను రాత్రికి రాత్రే బయటికి తరలించవలసి వచ్చింది. ఇమ్లీబన్ అంటే చింతతోపు. చింతతోపు ఉండవలసిన నది ఒడిలో బస్సులు నిలుపుతున్నామన్నమాట.

చాదర్‌ఘాట్ వంతెన 1831 నాటిది. దగ్గరలోనే కోఠీ మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో కిర్క్‌పాట్రిక్ దొర కట్టించిన రెసిడెన్సీ భవనం ఉంది. సాధారణంగా ఇక్కడికి వచ్చేసరికి ఎండెక్కుతుంది, రోడ్డు మీద లారీలు, ఆటోలు మొదలవుతాయి.

ఇబ్బంది అంతా అక్కడే. సైకిలుకు ప్రత్యేకంగా 23 కిలోమీటర్ల దారి, పైన సౌరఫలకాల నీడతో సహా 2023లో ఏర్పడింది. అయితే అది ఔటర్ రింగురోడ్డు పక్కన. చరిత్ర ఉన్నచోట మాత్రం సైకిలుకు గజం దారి లేదు. అందుకే యాత్ర ఏడు గంటలలోపు ముగించుకోవడం మేలు. పిల్లలను తెచ్చేవారు వరుస మధ్యలో ఉంచాలి.

సెలవు రోజుల్లో నగరం నుంచి అనంతగిరికి సైకిళ్ళపై వచ్చేవారు మన రోడ్ల మీద కనిపిస్తూనే ఉంటారు. కొండెక్కి, చాయ్ తాగి తిరిగి వెడతారు. దారి పొడుగునా ఉన్న చెరువు కట్టల దగ్గర ఒక్క నిమిషం దిగితే ఏ చెరువు ఎప్పుడు తెగిందో, ఎవరు పూడ్చారో చెప్పగల పెద్దలు ఈ పల్లెల్లో ఇంకా ఉన్నారు.