ఆ చిన్న మాత్ర వెనుక ఒక తెలుగు వైద్యుడు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుండి మా వద్దకు వచ్చే గర్భిణీ స్త్రీలలో కొందరు, "మాత్ర మింగితే దొడ్డికి నల్లగా పోతా ఉంది సిస్టరమ్మా, మానేసినాను" అంటుంటారు. వారికి మేము డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి చెబుతాము.

ఆయన 1895లో భీమవరంలో జన్మించారు. సోదరులిద్దరు స్ప్రూ వ్యాధితో మరణించారు. ఈ వ్యాధిలో చిన్న ప్రేగు ఆహారసారాన్ని సరిగా పీల్చుకోదు. విరేచనాలు ఆగవు, నోరు పూస్తుంది, రక్తం తగ్గిపోతుంది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన, సహచరులు కలిసి ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసి, 1945లో 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. దానితో ఎందరో స్ప్రూ రోగులు కోలుకున్నారు. ఆయన 1948లో కన్నుమూశారు.

మీకిచ్చే ఐరన్ మాత్రలో ఆ ఫోలిక్ యాసిడ్ కూడా ఉంది. నలుపు రంగు ఐరన్ వల్ల వచ్చేదే, భయపడకండి. తారులా జిగటగా ఉంటే మాత్రం వెంటనే చూపించుకోండి. నాలుగవ నెల నుండి 180 రోజులు, రోజుకొకటి భోజనం తర్వాత వేసుకోండి, టీతో వద్దు. తోటకూర, పెసలు తినండి. రెండు వారాలు దాటినా విరేచనాలు తగ్గకపోతే సొంత వైద్యం చేసుకోక ఆసుపత్రికి రండి. తల్లి రక్తమే బిడ్డకు బలం.