నాగలి ఆపిన మంట

మార్చిలో ఉపగ్రహాలు పసిగట్టే మంటల పటం చూడండి. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల నల్లమల మీద ఎర్రచుక్కలు గుంపులు కడతాయి. తూర్పున గుంటూరు నల్లరేగడి వైపు అవి చెదురుమదురే. అక్కడ కాలేది ఎక్కువగా పత్తికట్టె, చేలల్లోని చెత్త. ఎండ రెండుచోట్లా మండేదే. తేడా అంతా మనిషి నేలను వాడుకున్న తీరులో ఉంది.

కార్చిచ్చుకు నిప్పురవ్వ ఒక్కటే చాలదు, ఎడతెగని ఎండుగడ్డి కావాలి. దున్నిన చేను, డొంక, చెరువు ఆ వరుసను తెంపేస్తాయి. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువ నీళ్లు వచ్చాక పచ్చటి మిరపచేలూ ఆ తెంపులో చేరాయి. 1998 నుంచి 2015 వరకు ప్రపంచంలో ఏటా కాలే విస్తీర్ణం దాదాపు నాలుగోవంతు తగ్గిందని 2017లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. గడ్డినేలలు సాగులోకి, మేతలోకి రావడమే ముఖ్య కారణం.

మేత అనగానే నాకు పల్నాడు గుర్తొస్తుంది. 1882 మద్రాసు అటవీ చట్టంతో ఊరి పశువుల మేత సర్కారు అదుపులోకి పోయింది. అడవిలో పశువును మేపితే పుల్లరి అనే పన్ను కట్టాల్సి వచ్చేది. కట్టబోమన్న పోరాటంలో 1922లో కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు బలయ్యాడు. ఆ కథలో మంటల శాస్త్రం కూడా ఉందని నా నమ్మకం. ఆవు మేసిన గడ్డి కాలదు. మంద అడుగుపెట్టని చోట గడ్డి ఏపుగా పెరిగి, మాఘం దాటేసరికి ఎండి నిప్పుకోసం కాచుకుని ఉంటుంది. అలాగని మేత మితిమీరితే లేతమొక్కలూ మిగలవు.

మేతలాగే చిన్నమంట కూడా ఎండుచెత్తను తగ్గిస్తుంది. కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో సోలిగ గిరిజనులు ఏడాది మొదట్లోనే ‘తరగు బెంకి’, అంటే ఆకుచెత్త మంట, పెట్టేవారు. దాన్ని ఆపించాకే లాంటానా పొదలు అడవిని కమ్మేశాయంటారు వాళ్లు. అలాంటి పొద అంటుకుంటే నేలబారు మంట కొమ్మలకు ఎగబాకుతుంది.

నల్లమలలో నిప్పు దాదాపు ఎప్పుడూ మనిషి చేతిదే. మెరుపులు ఎక్కువగా వానతో కలిసే వస్తాయి. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టుకింద ఆకులు కాలుస్తారు, కొత్తగడ్డి కోసం కాపరులు అంటిస్తారు, ఆర్పని బీడీ పారేస్తారు. మందబెరడున్న నల్లమద్ది ఆ సెగను తట్టుకుంటుంది. నిరుడు మొలిచిన మొక్క మాడిపోతుంది.

అందుకే ఎండలు ముదరకముందే అటవీశాఖ అడవిలో ఫైర్‌లైన్లు, అంటే మంటను ఆపే బాటలు, తీయిస్తుంది. ఆ బాటల మీద గడ్డి కోసి, అదుపులో కాల్చేస్తారు. మంటలకు కాపలా ఉండేవాళ్లలో నల్లమల గిరిజనులైన చెంచులూ ఉన్నారు. పొగ లేచిన దిక్కుకు పచ్చికొమ్మలు విరుచుకుని పరుగెత్తేది వాళ్లే.