స్త్రీ పాత్రల నటశేఖరుడు - స్థానం నరసింహారావు

కళాశాల వార్షికోత్సవాలలో తరచుగా కనబడే దృశ్యమొకటి ఉన్నది. హాస్య నాటికలో ఒక విద్యార్థి చీర కట్టుకొని రంగం మీదికి వస్తాడు. అతడు నోరు విప్పకముందే ఈలలు, కేకలు మిన్నుముట్టుతాయి. ఆ నవ్వులలో ఈ వ్యాసకర్త కూడా పాలుపంచుకొన్నవాడే. కాని ఇదే తెలుగునేలపై, చీర కట్టిన ఒక పురుషుని నటనను పండిత పామరులు పరవశించి చూచిన కాలం ఒకటి ఉండేది. ఆ నటుడే స్థానం నరసింహారావు గారు. ఆయన జీవితం మన విద్యార్థులు తెలిసికొనదగినది.

స్త్రీ పాత్రను పురుషుడు ధరించుట మన దేశానికి మాత్రమే పరిమితమైన ఆచారం కాదు. జపాను దేశపు ప్రసిద్ధ నాటక కళ 'కబుకి'. దానిని 1603 ప్రాంతంలో క్యోటో నగరంలో ఆరంభించినది ఒకుని అను స్త్రీ. అయినను 1629లో ప్రభుత్వం స్త్రీలు రంగమెక్కరాదని నిషేధించింది. వారి స్థానంలో బాలురు వచ్చారు. 1652లో వారినీ నిషేధించగా, ఆ పాత్రలు వయస్సు వచ్చిన పురుషుల పాలయ్యాయి. అట్టి నటులను 'ఒన్నగాతా' అంటారు. వారిలో అగ్రగణ్యుడు యొషిజావా అయామె (1673-1729). స్త్రీ పాత్రధారి రంగం మీదనే కాదు, నిత్యజీవితంలో సైతం స్త్రీవలెనే మెలగవలెనని ఆయన సిద్ధాంతం. ఒక మారు పురుష పాత్రలకు మారి, రాణించలేక, తిరిగి స్త్రీ పాత్రలకే వచ్చాడు.

తెలుగుదేశంలో ఇట్టి రాజశాసనమేదీ లేదు. ఉన్నది సంఘశాసనం. కులస్త్రీ రంగమెక్కుట మర్యాద కాదని సంఘం భావించింది. కూచిపూడి భాగవతులలో సత్యభామ వేషం పురుషులదే. 1880లో కందుకూరి వీరేశలింగం పంతులు గారు రాజమహేంద్రవరంలో నాటక ప్రదర్శనకు శ్రీకారం చుట్టిన పిదప, సమాజములు పలుచోట్ల వెలసినవి. వాటిలోనూ స్త్రీ పాత్రలు చాలవరకు పురుషులవే. 1885లో వెలసిన సురభివారి కుటుంబాలలో మాత్రం స్త్రీలే స్త్రీ పాత్రలు ధరిస్తూ వచ్చారు.

ఈ నేపథ్యంలో 1902 సెప్టెంబరు 23న బాపట్లలో నరసింహారావు గారు జన్మించారు. ఆయన నటజీవితం ఆకస్మికంగా ప్రారంభమైనది. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం ఆడవలసిన రోజున చంద్రమతి పాత్రధారి రాలేదు. ఆ లోటు తీర్చుటకు ఈ యువకుడు ముందుకు వచ్చాడు. ఒక రాత్రి అవసరానికి వేసిన వేషం జీవితకాలపు వృత్తి అయినది. అనంతరం తెనాలిలోని శ్రీరామ విలాస సభలో చేరి దేశమంతటా ఖ్యాతి గడించారు.

ఆయన ధరించిన పాత్రలను పరికించండి. 'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామ, 'సారంగధర'లో చిత్రాంగి, 'విప్రనారాయణ'లో దేవదేవి, 'చింతామణి'లో చింతామణి, 'కన్యాశుల్కం'లో మధురవాణి, 'రోషనార'లో మొగలు రాకుమారి. ఈ చివరి పాత్ర గురించి ఒక మాట. షాజహాను కుమార్తె, ఔరంగజేబు సోదరి అయిన చారిత్రక రోషనార వేరు, నాటకకర్త కల్పించిన రోషనార వేరు. చరిత్ర విద్యార్థులు ఈ భేదం మరువరాదు. ఇక నటుని దృష్టితో చూచినచో, వీరందరూ స్త్రీలే అయినా ఒకరికొకరు పోలిక లేనివారు. సత్యభామ గర్వంలో భర్తపై అధికారమున్నది. చిత్రాంగి మోహంలో వినాశమున్నది. మధురవాణి మాటలో లోకమెరిగిన తెలివి, దాని అడుగున దయ ఉన్నవి. కేవలం గొంతు సన్నగిల్లజేసి, నడుము త్రిప్పి నడిచే నటునికి ఈ ఆరుగురూ ఒక్కరే అవుతారు. స్థానం వారి చేతిలో ఆరుగురూ ఆరుగురుగానే నిలిచారు. ఆయన ఘనత ఇందులోనే ఉన్నది. ఆయన స్త్రీని అనుకరించలేదు. ఒక్కొక్క స్త్రీ మనస్సును వేరువేరుగా అర్థం చేసికొన్నారు.

ఆయన రచయిత కూడా. కృష్ణుడు తన మాట జవదాటలేడని సత్యభామ ధీమాగా పాడే ప్రసిద్ధ గీతం ఆయన స్వయంగా వ్రాసినదే. 1966 నాటి 'శ్రీకృష్ణ తులాభారం' చలనచిత్రంలో పి. సుశీల గారి గళంలో అది ఇంటింటా మారుమ్రోగింది. తన అనుభవాలను 'నటస్థానం' అను గ్రంథంలో పొందుపరచారు. రంగూనులోని అభిమానులు బంగారు కిరీటం బహూకరించారు. 1956లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించింది. 1971 ఫిబ్రవరి 21న ఆయన కీర్తిశేషులయ్యారు.

ఇక్కడ ఒక ప్రశ్న తప్పదు. స్త్రీలకు రంగం మూసివేసినందువల్లనే గదా ఈ కళ పుట్టినది? దీనిని మెచ్చుట ఆ అన్యాయాన్ని మెచ్చుట కాదా? స్థానం వారి సమకాలికుడైన మహానటుడు బళ్ళారి రాఘవ గారు (1880-1946) స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించవలెనని వాదించి, విద్యావతులను రంగమునకు ఆహ్వానించారు. ఆ వాదమే న్యాయమైనది. కాలం కూడా దానినే గెలిపించింది. అయితే తలుపు మూసినవాడు స్థానం కాదు. మూసిన తలుపు ముందు నిలిచి, లోపలనున్న స్త్రీ ఎంతటి గౌరవానికి అర్హురాలో ప్రేక్షకులకు చూపినవాడు ఆయన. పురుషుని రూపంలో వచ్చిన సత్యభామకే అంత మన్నన చూపిన సంఘం, నిజమైన స్త్రీ రంగమెక్కినప్పుడు ఈసడించుటకు ఏమి సాకు చెప్పగలదు?

విద్యార్థులారా! రాత్రంతా మేలుకొని పద్యనాటకం చూచే అలవాటు మన కోనసీమ పల్లెలకు క్రొత్త కాదు. మన కాట్రేనికోన పెద్దల నడిగితే ఆనాటి ముచ్చట్లు చెప్పగలరు. వార్షికోత్సవంలో చీర కట్టి రంగమెక్కుట తప్పు కాదు. తల్లినో, చెల్లినో, తోటి విద్యార్థినినో వెక్కిరించుటకు ఆ చీర కట్టుట తప్పు. ఈ పర్యాయం వేషం వేయదలచినవారు, అద్దం ముందు నిలిచినప్పుడు ఒక్క క్షణం ఆగి, ఈ పాత్ర మనస్సులో ఏమున్నదని ప్రశ్నించుకొనండి. స్థానం వారు మనకు మిగిల్చిపోయిన పాఠమదే.